పాత యుద్ధశకటములు: సాక్షులా, వేషధారులా?

(పట్టణ గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)

 

మన పట్టణపు నాలుగు రోడ్ల కూడలియందు సైన్యమునుండి విశ్రాంతి పొందిన టి-55 టాంకు నొకదానిని నిలుపవలెనని కొందరు పెద్దలు సంకల్పించిన సంగతి మీరెల్లరు నెరుగుదురు. సంకల్పము మంచిదే. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని గ్రంథాలయ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము సైనికులము గాము. యంత్రశాస్త్రము నెరిగినవారమును గాము. వృత్తిచేత న్యాయవాదులము, స్వచ్ఛంద సేవకులుగా ప్రజాకార్యములలో తిరుగువారము. కావున ఈ విషయమును మాకు తెలిసిన మార్గముననే, అనగా సాక్ష్యమను మార్గముననే, విచారింతుము.

టాంకు ఇంకను రాలేదు. దానికి తొడుగవలసిన వేషము మాత్రము అప్పుడే సిద్ధమైనది. తళతళలాడు పచ్చరంగు వేయింపవలెనని యొకరు సూచించిరి. ఇరువైపుల త్రివర్ణ పతాకములు చిత్రింపవలెనని వేరొకరు కోరిరి. 1971 యుద్ధమున పేరుగాంచిన యేదైన నొక దళముయొక్క చిహ్నమును బురుజుపై వ్రాసి, ఆ యుద్ధమున శత్రువును చీల్చిచెండాడిన టాంకు ఇదే యని పలక వేయింపవలెనని మరియొకరు సెలవిచ్చిరి. ఇవన్నియు దేశాభిమానముతో పుట్టిన మాటలే. ఆ యభిమానమును మేము శంకింపము. కాని ఆ మూడవ సూచనలోని "ఇదే" యను రెండక్షరముల మాటను విచారింపక విడువజాలము. ఆ టాంకు ఆ యుద్ధమున నుండెనా? ఏ దళమున నుండెను? ఎవరు నడిపిరి? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియకయే "ఇదే" యని రాతిపై చెక్కించితిమేని మనము కూట సాక్ష్యము నిచ్చినవారమగుదుము.

రాబోవు టాంకునే పరీక్షింతము. టి-55 సోవియట్ దేశమున పుట్టినది. దాని బరువు సుమారు 36 టన్నులు. లోపల నాయకుడు, గురి చూచువాడు, గుండ్లు నింపువాడు, చోదకుడు అను నలుగురు ఇరుకుకొని కూర్చుండవలెను. 1971 యుద్ధమున మన సైన్యము టి-54, టి-55 టాంకులను వినియోగించెను. అప్పుడు వానికుండిన ఫిరంగి 100 మిల్లీమీటర్లది. తరువాతి కాలమున మనవారు అనేక టాంకులకు ఆ ఫిరంగిని తీసివైచి 105 మిల్లీమీటర్ల ఫిరంగిని అమర్చిరి. ఈ భేదమును కనిపెట్టుటకు కొలబద్ద యక్కరలేదు. గుండు వెడలిన పిదప పొగ లోనికి రాకుండ చేయుటకై ఫిరంగి గొట్టముపై ఉబ్బెత్తు తొడుగొకటి యుండును. టి-55తో వచ్చిన ఫిరంగికి ఆ తొడుగు గొట్టపు మూతి చెంతనే యుండును. 105 మిల్లీమీటర్ల ఫిరంగికి మూతినుండి చాల వెనుకకు, నడిమి భాగమువైపు ఉండును. రోడ్డుపై నిలిచిన బాలుడు సైతము చూపుడువ్రేలితో చూపగలడు.

ఇప్పుడు మనకు వచ్చు టాంకునకు 105 మిల్లీమీటర్ల ఫిరంగి యున్నదనుకొనుడు. దానిపై 1971 నాటి చిహ్నమును వ్రాసి, అది ఆనాటి రూపముతోనే యున్నదని చూపితిమేని ఏమగును? న్యాయస్థానములలో అప్పుడప్పుడొక చిత్రము జరుగును. 1930లో వ్రాసినదని యొక దస్తావేజును దాఖలు చేయుదురు. ప్రతిపక్షపు వకీలు కాగితమును వెలుతురునకెత్తి చూచి, ఆ స్టాంపుకాగితము 1950లో అమ్మబడినదని చూపును. అంతటితో దావా కూలును. కూలునది ఆ దస్తావేజు ఒక్కటే కాదు; ఆ పక్షమువారు చెప్పిన నిజములు కూడ నమ్మకము కోల్పోవును. మన టాంకునకును ఆ గతియే పట్టును. తెలిసినవాడొకడు ఫిరంగివైపు చూచి నవ్విపోవును. వాని నవ్వు మన పలకపై ఆగదు. ఆ యుద్ధమున నిజముగా ప్రాణములిచ్చినవారి కథపైకి కూడ ప్రాకును.

అట్లని ఆ టాంకు 1971లో లేనేలేదని మేము చెప్పుటలేదు. ఉండియుండవచ్చును. ఉండి, తరువాత క్రొత్త ఫిరంగిని ధరించి, మరి పెక్కేండ్లు కొలువు చేసియుండవచ్చును. సైన్యపు దాఖలాలవలన అట్లు తేలినచో, "ఈ టాంకు ఫలానా దళమున 1971లో నుండెను; దీని ఫిరంగి తరువాత మార్చబడెను" అని వ్రాయుదము. ఈ రెండు వాక్యములలో అబద్ధము లేదు, గౌరవమునకు లోపమును లేదు. పైగా పేద దేశమొకటి తన ఆయుధమును పారవేయక, కాలానుగుణముగ దిద్దుకొని వాడుకొన్న తెలివి కూడ అందు తెలియును. యుద్ధమునకే పోని టాంకైనచో అట్లే వ్రాయుదము. సరిహద్దున కాపుండి గుండు పేల్చక తిరిగివచ్చిన సైనికుడు తక్కువవాడా?

శత్రువులనుండి పట్టుకొనిన టాంకుల విషయమున ఈ జాగ్రత్త మరింత కావలెను. 1965 సెప్టెంబరు 8 మొదలు 10 వరకు పంజాబులోని ఖేంకరణ్ చెంత అసల్ ఉత్తర్ వద్ద జరిగిన పోరాటము మీకు తెలియును. అమెరికాలో తయారైన పాటన్ టాంకులతో పాకిస్తాను సేన వచ్చెను. మన పక్షమున సెంచూరియను టాంకులతోపాటు రెండవ ప్రపంచయుద్ధపు నాటి షెర్మన్ టాంకులును నిలిచెను. ఆ షెర్మన్లను నడిపిన డెక్కన్ హార్సు దళము హైదరాబాదు నిజాము అశ్వదళముల సంతతిలోనిదగుటచే, తెలుగునాటికి ఆ పోరుతో నొక బంధము గలదు. జీపుపై అమర్చిన ఫిరంగితో శత్రు టాంకుల నెదుర్కొని హవల్దారు అబ్దుల్ హమీదు వీరమరణము పొందినది అచ్చటనే. మనవారు కాలువల నీటిని చెరకు పొలములపైకి వదలిరి. పాటన్లు బురదలో దిగబడెను. గుండుదెబ్బలు తిని నిలిచిపోయినవి కొన్ని. దెబ్బ తగులకయే, నడిపించువారు దిగి పారిపోగా, మన చేజిక్కినవి కొన్ని. అట్లు చిక్కినవానిని దేశమున అనేక పట్టణములలో ప్రజలు చూచుటకై నిలిపిరి.

ఇందలి మర్మమును గమనింపుడు. దెబ్బ తగిలిన పాటన్‌కు రంధ్రమే వాఙ్మూలము. ఆ రంధ్రము ముందువైపునున్నదా ప్రక్కనున్నదా, ఎంత వెడల్పున్నది, ఏ యెత్తుననున్నది అను దానినిబట్టి మన గురికాడు ఎచ్చట పొంచియుండెనో నేర్పరి చెప్పగలడు. చూచుటకు నున్నగా నుండవలెనని ఆ రంధ్రమును లప్పముతో పూడ్చి రంగు వేసిన మేస్త్రీ, ఆ గురికాని నోరు నొక్కినవాడగును. దెబ్బ లేని పాటన్‌కు, వీరరసము చాలదని తలచి, ఎవ్వడైన క్రొత్తగా రంధ్రములు తొలిచెనా, వాడు మరియొక పాపము చేసినవాడగును. దెబ్బ లేకపోవుటయే అచ్చటి సాక్ష్యము. ఆ చెక్కుచెదరని ఇనుము నీటి కథను, బురద కథను, మన సేనానుల యుక్తి కథను చెప్పుచున్నది. రంధ్రము తొలిచినంతనే ఆ కథ తుడిచిపెట్టుకొనిపోవును.

జీర్ణోద్ధరణమను మాట మనకు క్రొత్తది కాదు. తెలుగునాట దేవాలయముల జీర్ణోద్ధరణము తరతరములనుండి జరుగుచున్నది. భక్తితో చేసిన ఆ పనిలోనే ఎన్ని శాసనములు సున్నము క్రింద కప్పబడిపోయెను! ఎన్ని శిల్పముల ముక్కు చెవులు రంగుపూతలలో పూడిపోయెను! సున్నము పూసినవాడు దుర్మార్గుడు కాడు. గోడ తెల్లగా నుండిన దేవునికి ప్రీతియని నమ్మినవాడు. ఆ సున్నము క్రింది నాలుగు పంక్తులలో గ్రామపు దానధర్మముల చరిత్ర యుండెనని వానికెవ్వరును చెప్పలేదు. టాంకునకు రంగు వేయబోవు మేస్త్రీకి మనము ముందుగా చెప్పకున్నచో, తప్పు వానిది కాదు, మనది.

ఇతర దేశములవారు ఈ పని యెట్లు చేయుదురో యొక దృష్టాంతము చెప్పెదము. ఇంగ్లండులోని బోవింగ్టనున టాంకుల ప్రదర్శనశాల యొకటి గలదు. అందు టైగరు 131 అను జర్మను టాంకు మిక్కిలి ప్రసిద్ధి. అది 1943 ఏప్రిలు 24వ తేదీన ట్యునీషియాలో బ్రిటిషు సేనలకు చిక్కెను. 1951లో ప్రదర్శనశాలకు చేరెను. 1990లో దాని జీర్ణోద్ధరణము నారంభించి, 2003 నాటికి తిరిగి నడిచునట్లు చేసిరి. దాని సొంత ఇంజనును పూర్వమే లోపలి భాగములు కనబడునట్లు కోసివేసియుండుటచే, అదే కార్ఖానావారి తరువాతి రకపు ఇంజనును అమర్చవలసివచ్చెను. ఆ సంగతిని వారు దాచలేదు. అడిగినవారికి, అడుగనివారికి గూడ చెప్పిరి. యుద్ధమున తగిలిన గుండ్ల గుర్తులను చెరుపలేదు.

ఆ గుర్తులను చెరుపకుండుటవలన కలిగిన మేలు తరువాత తెలిసినది. ఆ టాంకు జెబెల్ జాఫా అను కొండకడ, చర్చిలు అను పేరుగల బ్రిటిషు టాంకుల చేతిలో చిక్కినదని దశాబ్దములపాటు పుస్తకములు వ్రాసెను. ఇటీవలి సంవత్సరములలో, ఆ పోరాటములలో పదాతి సైనికుడుగా నుండిన యొకనియొక్క కుమారుడు, తన తండ్రి చెప్పిన దానికిని పుస్తకములలోని దానికిని పొత్తు కుదరకపోవుట గమనించి అన్వేషణ సాగించెను. నాటి దాఖలాలను, ఛాయాచిత్రములను, టాంకుపై మిగిలిన దెబ్బలను సరిపోల్చి చూడగా, అది చిక్కిన చోటు గేరియాత్ ఎల్ అతాష్ అను వేరొక తిప్ప యని తేలెను. ప్రదర్శనశాలవారు తమ కథను దిద్దుకొనిరి. ఎన్నో యేండ్లు చెప్పిన కథను దిద్దుకొన్నందున వారి పరువు పోలేదు, పెరిగెను. ఇనుము నున్నగా పూడ్చబడియున్నచో, ఆ కుమారుని తండ్రి మాటకు తోడు పలుకునది ఏది?

ఆ టైగరే 2014లో "ఫ్యూరీ" యను చలనచిత్రమున నటించినది. 1943లో ఆఫ్రికాలో చిక్కిన టాంకు, తెరపై 1945 నాటి జర్మనీలో సంచరించెను. పాటన్లు అసల్ ఉత్తర్ బురదలో కూరుకొన్న 1965 సంవత్సరముననే విడుదలయైన "బాటిల్ ఆఫ్ ది బల్జ్" చిత్రమున, అదే పాటన్ జాతి టాంకులు జర్మను టాంకుల వేషము వేసెను. దీనికి మేము కోపింపము. వేషము కట్టుట నాటకమునకు ధర్మము. టిక్కెట్టు కొన్నవాడు అది నాటకమని యెరిగియే కొనును. కూడలిలో నిలిచిన స్మారకమునకు టిక్కెట్టు లేదు. దానిని చూచు బాలుడు నిజమనియే నమ్మును. ఆ నమ్మకమును అపహరించు హక్కు మనకు లేదు.

టాంకు మాట యటుంచి, మన ఊళ్లలో కనబడు పాత జీపుల మాట యొకటి చెప్పవలెను. పాత జీపును బాగుచేయించి, సైన్యపు పచ్చరంగు వేయించి, ముందు కప్పుపై తెల్లని నక్షత్రమును చిత్రింపించి, రెండవ ప్రపంచయుద్ధపు జీపని ఊరేగించువారు గలరు. ముందరి జల్లెడను లెక్కపెట్టుడు. యుద్ధకాలపు విల్లీసు, ఫోర్డు జీపులకు నొక్కుడురేకు జల్లెడలో నిలువు చీలికలు 9 ఉండును. యుద్ధానంతరము ప్రజలకమ్మిన రకములకు 7 ఉండును. స్వాతంత్ర్యానంతరము మన దేశమున మహీంద్రావారు కూర్చి తయారుచేసిన జీపులకును 7 చీలికలే. 7 చీలికల జీపుపై తెల్ల నక్షత్రము వేయుట సత్యమునకే కాదు, మన ఆత్మగౌరవమునకు కూడ లోపము. ఆ నక్షత్రము అమెరికా సైన్యపు గుర్తు. మన జీపు మన మట్టిరోడ్లపై తిరిగినది. వరదలలో, కరవులలో అధికారులను, వైద్యులను గ్రామములకు చేర్చినది. ఎన్నికల పెట్టెలను మోసినది. అంతటి సొంత చరిత్ర గలదానికి ఎరవు తెచ్చిన పరాక్రమమేల?

మనకు సమీపముననే మేలైన యుదాహరణము గలదు. అది శకటము కాదు, నౌక, అయినను ధర్మమొక్కటే. విశాఖపట్టణపు సముద్రతీరముననున్న కుర్సూరా జలాంతర్గామిని మీలో అనేకులు చూచియుందురు. అది 1969 డిసెంబరు 18న నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొంది, 2002లో ప్రదర్శనశాలయైనది. లోపలి యంత్రములు, పడకలు, ఇరుకుదారులు చూచినవారికి నావికుని కష్టము మాటలు లేకయే తెలియును. ప్రజలు పోయి రావలెనన్నచో దాని దేహమునకు ద్వారములు కోయక తప్పలేదు. నావికులు పైనున్న గుండ్రని మూతలగుండ దిగిరేకాని ఆ ద్వారములగుండ నడచిపోలేదు. దీనిని తప్పనము, అవసరమైన మార్పు. మార్పని తెలియజెప్పిన చాలును. మరియొక సంగతి. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ చెంత పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. ఆ తీరముననే కుర్సూరా నిలిచియున్నందున, ఘాజీని ముంచినది ఇదియే యని బాలురు భ్రమపడుట సులభము. ఆ యుద్ధకాలమున కుర్సూరా అరేబియా సముద్రమున కాపు తిరిగెను. దాని గౌరవము దానికి చాలును. ఇతరుల గౌరవమును తెచ్చి దానికి తగిలింపనక్కరలేదు.

ఇక ఆక్షేపణలు. తుప్పు పట్టనిచ్చి కూర్చుందుమా యని కొందరందురు. వద్దు. ఎండకు వానకు నిలిచిన ఇనుమునకు రంగు ఔషధము. కాని యుద్ధశకటపు రంగు వెలుగును మెరయింపనిదిగా నుండును. మెరసినచో శత్రువు కనిపెట్టును. కావున తళతళలాడు రంగు వేసినచో, ఆ రంగే ఇది యుద్ధము చూడని వస్తువని చాటును. ఖర్చెక్కువగునని మరికొందరందురు. నిజము వ్రాసిన పలకకును అబద్ధము వ్రాసిన పలకకును చెక్కుడుకూలి యొక్కటే. సామాన్యజనులకు ఉత్సాహము కావలెనుగాని ఇన్ని సూక్ష్మములేల యని ఇంకను కొందరందురు. ఈ మాట మమ్ము నొప్పించును. సామాన్యజనులలోనుండియే సైనికులు వచ్చిరి. ఆ దళమున భర్తను కోల్పోయిన యొక వృద్ధురాలు మన కూడలికి వచ్చి, బురుజుపై చిహ్నమును చూచి, తన భర్త ఇందే కూర్చుండెనని ఆ ఇనుమును చేతితో తాకెననుకొనుడు. ఆ చిహ్నము మనము సొంపుకొరకు వేసినదని ఆమెకు ఎవరు చెప్పగలరు? చెప్పకుండ ఎవరుండగలరు?

కావున సంఘమువారికి మేము చేయు మనవులివి. టాంకు వచ్చినంతనే, గీకుటకు ముందే, అన్నివైపులనుండి ఛాయాచిత్రములు తీయింపుడు. దేహముపైని సంఖ్యలు, ఇంజను సంఖ్య, అచ్చువేసిన అక్షరములు ఒక పుస్తకమున నెక్కింపుడు. ఒక మూల జానెడు మేర మెల్లగా రుద్ది, ఏ రంగు క్రింద ఏ రంగున్నదో చూడుడు; ఆ జానెడు భాగమును అట్లే నిలుపుడు. దెబ్బలను పూడ్పకుడు, క్రొత్తవి కల్పింపకుడు. తీసివేసిన భాగములను పాత ఇనుము వానికి తూచి అమ్మక, చీటి కట్టి గ్రంథాలయమున భద్రపరుపుడు. పాత యంత్రములలో రేడియము పూసిన ముఖములు గాని, రాతినార గాని యుండవచ్చును. తెలిసినవారు చూచువరకు వానిని గీకనీయకుడు. టాంకు చరిత్రను తెలుపుడని సైన్యమునకు వ్రాయుడు. వచ్చిన ప్రత్యుత్తరమును అందరు చదువునట్లు ఇచ్చట నుంచుడు.

అన్నిటికంటె త్వరగా చేయవలసినది మరియొకటి. 1971లో ఇరువదియేండ్ల యువకుడు నేడు డెబ్బదియేండ్లు దాటినవాడు. మన ప్రాంతమున టాంకులు నడిపినవారు, బాగుచేసినవారు ఎవరైన నున్నచో, వారి యింటికి పోయి వారి మాటలను వారి మాటలుగానే వ్రాసికొనుడు. ఇనుము మరి నూరేండ్లు నిలుచును. ఆ ముసలివారు నిలువరు. రంగునకు మంచి ముహూర్తము ఎప్పుడైనను దొరకును.

పలకను గూర్చి తుది మాట. మన ప్రాంతపు దస్తావేజు లేఖరులకొక సదాచారము గలదు. వ్రాతలో కొట్టివేతగాని, దిద్దుబాటుగాని యున్నచో, చివర "కొట్టివేతలు ఇన్ని, దిద్దుబాట్లు ఇన్ని" అని వ్రాసి సంతకము చేయింతురు. దిద్దుబాటు ఉన్నంతమాత్రమున దస్తావేజు చెడదు. చెప్పని దిద్దుబాటు చెరచును. మన టాంకు పలకయు అట్లే యుండవలెను. దాఖలావలన తెలిసినది మొదట వ్రాయుడు. పెద్దలు చెప్పగా విన్నది "విన్నది" యని వేరుగా వ్రాయుడు. మనము మార్చినది, మార్చిన సంవత్సరముతో కూడ, చివర వ్రాయుడు. రేపు క్రొత్త సంగతి తెలిసినచో చేర్చుటకై కొంత చోటు ఖాళీగా విడువుడు.

సోదరులారా! స్వాతంత్ర్యమును సంపాదించిన జాతి తన జయములను గూర్చి భయపడనక్కరలేదు. మన సైనికులు చేసినది పెంచి చెప్పవలసినంత చిన్నది కాదు. వారు చేసినదానిని చేసినట్లు, ఎక్కువ తక్కువలు లేక, వ్రాసి నిలుపుడు. ఆ పలకపై సంతకమునకు సంఘమువారు పిలిచిన నాడు మేమును వచ్చి, చదివి, నిజమని తోచినచో సాక్షిగా సంతకము చేయుదుము.